పొగలంక మ్యాపు

మా నాన్న వల విసిరే చోట
జోగయ్య మాస్టారు రైలు పట్టాలు పరిచారు.
గొడవంతా అక్కడ మొదలైంది.

వాల్తేరు కంట్రోల్ ఆఫీసులో రాత్రి డ్యూటీ ఆయనది.
ముడి ఇనుము బళ్ళు కొత్తవలస దాటేదాకా
చెవికి ఫోను, చేతిలో పెన్సిలు.
ఆ పెన్సిలుతోనే రాశారు పదకొండు పుస్తకాలు,
అరచేతి సైజువి, రూపాయి పావలావి.
డాల్ఫిన్ నోసు కొండకి ఎదురుగా
పొగలంక అనే దీవి, దాని మీద నాలుగు ఇంజన్లు.
డొక్కు సీతాలుకి మిట్ట ఎక్కాలంటే దగ్గు.
గుర్రప్పకి వానంటే భయం.
ఇంతే కథ. పిల్లలకి ఇంత చాలు.

నాకు చాలలేదు.
మూడో పుస్తకంలో వంతెనకి మూడు కమానులు,
ఆరో పుస్తకంలో నాలుగు.
ఏది నిజమని కార్డు ముక్క రాశాను.

బొమ్మలేసింది జ్ఞానాపురం ఇన్నాసయ్య,
సైన్‌బోర్డుల పెయింటరు.
లెక్క తప్పానని ఆయన ఒప్పేసుకున్నాడట.
మాస్టారు ఒప్పుకోలేదు.
వారానికి జవాబొచ్చింది, చీమల బారు అక్షరాలతో:
"ఆ రెండు పుస్తకాల మధ్య తుఫాను.
ఒక కమాను కొట్టుకుపోయింది.
మేస్త్రీ అసిరయ్య ఈసారి వరదకి దారి వదులుతూ
దాని చోట రెండు కట్టాడు.
కూలి బాకీ ఇంకా ఉంది."

తప్పు పట్టిన ప్రతిసారీ దీవి కాస్త పెరిగేది.
ఎర్ర గేటు పేజీ తిప్పితే పచ్చనైతే
మధ్యలో గేట్‌మాన్ కూతురి పెళ్ళి, మిగిలిన రంగు.
మంగళవారం రెండో బండి ఆగకపోతే
నీళ్ళ తొట్టి దగ్గర ఇద్దరు స్టేషన్ మాస్టర్ల పాత తగువు.
ఏ కథలోనూ కురవని వానకి సెంటీమీటర్లు,
ఎవరూ ఎక్కని బండికి టిక్కెట్టు ధర.

ఒకనాడు మ్యాపు నాన్నకి చూపించాను.
జాలారిపేట ఇసకలో వల బాగు చేసుకుంటూ
నోట్లో దారం తియ్యకుండానే నవ్వాడు.
"అక్కడ దీవేటి? నీల్లే. ముప్పై బారల నీల్లు."
అదీ రాసేశాను, కాస్త పొగరుగానే.

ఈసారి జవాబు రాలేదు. ప్రశ్న వచ్చింది:
"ఆ నీళ్ళలో మీ నాన్నగారి వల
ఎక్కడైనా చిక్కుకుంటుందా?"

నాన్న వల కింద పెట్టాడు.
"యారాడ కొండ ముక్కు మీద
సింహాద్రి కొండ కూకున్నట్టు అగుపడే చోట
అడుగున రాయుంది. మా తాత కాడ్నించీ తెల్సు.
ఎవుడూ సూడ్నేదు. అందరికీ తెల్సు."
చెబుతూ చెబుతూ వేలితో ఇసకలో గీశాడు:
ముసలమ్మ బండ, కోనాం గుంట, ఇరుకు దారి,
నేనెప్పుడూ వినని పేర్లు.
పైన ఒక్క గుర్తూ లేని సముద్రం
ఆయన దగ్గర ఒక ఊరంత ఉంది.

అల వచ్చేలోపు దాన్ని కార్డు మీదకి దించి
పోస్టు చేశాను.

మాస్టారు పోయాక వాళ్ళమ్మాయి
చుట్ట చుట్టిన పాత కంట్రోల్ చార్టు ఒకటి నా చేతికిచ్చింది.
ముందు వైపు గూడ్సు బళ్ళ గీతలు,
వెనక పొగలంక.
పన్నెండో పుస్తకానికి సిద్ధం చేసుకున్నది.
తూర్పు కొసన కొత్త స్టేషను: ముసలమ్మ బండ.
ప్లాట్‌ఫారం పొట్టిది. చేపల పెట్టె ఒకటి.
తెల్లవారుజామున నాలుగు పది, ఒక నిమిషం ఆగును.
కింద పెన్సిలుతో:
"గరికిన వారి వల తెగకుండా
పట్టాలు పక్కకి జరపాలి."

నాన్నకి చదువు రాదు. చదివి వినిపించాను.
ఏమీ అనలేదు.
మర్నాడు చీకట్లో తెప్ప తోస్తూ
"నాలుగు పది ఎల్లిపోనాదేటే?" అన్నాడు.
వెక్కిరింపో కాదో
అలల హోరులో తెలియలేదు.

చార్టులో ఇంకో తప్పుంది.
సొరంగం పక్క వాగు
పల్లం నుంచి మిట్టకి పారుతోంది.
కార్డు తీశాను. అడ్రసు రాశాను:
రైల్వే న్యూ కాలనీ, విశాఖపట్నం.
రెండో సగం ఇంకా ఖాళీ.
వాగు అలాగే ఎక్కుతోంది.